రావులపాలెం నుంచి పట్టిసీమకు, తొమ్మిది గేర్ల మీద

పట్టిసీమ దగ్గర ఏటిగట్టు మీంచి కిందికి దిగే వాలు నూటయాభై గజాలకు మించదు. ఆ వాలు మొదట్లో, పాతిక టన్నుల కంకర నింపుకున్న పన్నెండు చక్రాల టిప్పర్‌లో, పక్క సీట్లో కూర్చున్న యజమాని వెంకటరత్నం గారు డ్రైవరు వైపు కిటికీలోంచి గోదావరిని చూస్తూ, ఇరవై రెండేళ్లుగా తన డ్రైవరుకు చెబుతున్న మాటే మళ్లీ చెప్పారు.

"ఇంక దిగుడే కదా సహాయం. న్యూట్రల్ కొట్టెయ్."

డ్రైవరు దైవసహాయం ఎడమ చెయ్యి గేరు రాడ్డు మీదే ఉంది. అది కదల్లేదు.

"కొట్టనండి," అన్నాడు.

వాళ్లిద్దరి వెనక, పడుకోవడానికి వేసిన బల్ల మీద నేను కూర్చుని ఉన్నాను. నా పక్కన సూరిబాబు గారు, ఆ బండి పాత డ్రైవరు, బుగ్గన కిళ్లీ పెట్టుకుని కూర్చున్నారు. దారిలో ఏం జరిగినా నోరు విప్పకూడదని వెంకటరత్నం గారు ఆయనకు పొద్దున్నే చెప్పేశారు. దైవసహాయం జవాబు వినగానే సూరిబాబు గారు నమలడం ఆపేశారు.

ఇది అర్థం కావాలంటే మూడు రోజులు వెనక్కి వెళ్లాలి.

వెంకటరత్నం గారిది రావులపాలెం. ఆయన పది చక్రాల లారీ మీద దైవసహాయం ఇరవై రెండేళ్లు అరటి గెలలు తోలాడు. ఈ ఏడు గట్టు పనులకు కంకర తోలే ఒప్పందం కుదరడంతో వెంకటరత్నం గారు పాత లారీని అమ్మకానికి పెట్టి, కోరుకొండ వైపు క్వారీలో పనిచేసిన టిప్పర్‌ను కొన్నారు. పాత లారీకి ఆరు గేర్లు. దీనికి తొమ్మిది. దైవసహాయానికి నలభై ఎనిమిదేళ్లు. మూడు రోజులు టైమిస్తాను, మూడో రోజు నేనే పక్కన కూర్చుంటాను, బండి నీ చేతికొచ్చిందా సీటు నీది, లేదంటే రాజానగరంలో ఇలాంటి బండే నడిపినవాడు ఒకడున్నాడు, సోమవారం నుంచి అతన్ని పెట్టుకుంటాను అని వెంకటరత్నం గారు తేల్చి చెప్పారు. ఈ వయసులో కొత్త యజమానిని వెతుక్కోవడమంటే ఏమిటో దైవసహాయానికి తెలుసు. అతనికంటే రెండేళ్లు పెద్దవాడైన స్నేహితుడు ఒకడు ఇప్పుడు మండపేటలో రైసు మిల్లు ముందు కాపలా కూర్చుంటున్నాడు.

నేను రాజమండ్రిలో ముప్పై ఏళ్లు పత్రికలో పనిచేశాను. హైవే మీద ప్రమాదం జరిగిన ప్రతిసారీ 'లారీ డ్రైవర్ అజాగ్రత్త వల్ల' అన్న మాట పోలీసులు చెప్పేవారు, నేను రాసేవాణ్ణి. ఆ మాట ఎన్నిసార్లు రాశానో గుర్తులేదు గానీ, లారీ క్యాబిన్‌లోకి మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. రిటైరయ్యాక ఆ సంగతి మనసులో మెదులుతూనే ఉంది. వెంకటరత్నం గారు నాకు పాత పరిచయం. మూడు రోజులు మీ బండిలో వెళ్తానంటే నవ్వి, "నడుం పట్టేస్తుందండి, మీ ఇష్టం," అన్నారు. నడుం సంగతి ఆయన అన్నట్టే అయింది.

రావులపాలెం

రెండో పంట, దాళ్వా వరి కోతలు చివరికొచ్చిన రోజులు. పొద్దున్న ఆరింటికే అరటి మార్కెట్టు నిండిపోయింది. లంకల నుంచి గెలలు సైకిళ్ల మీద వస్తాయి. సైకిలుకి అటు మూడు, ఇటు మూడు వేలాడదీస్తారు. ఇక ఎక్కి తొక్కడానికి చోటుండదు కాబట్టి మనిషి పక్కన నడుస్తూ తోసుకొస్తాడు. సైకిలు అక్కడ తోపుడు బండికి మరో పేరు. మంచి చక్కెరకేళి గెల ఆ పొద్దున నాలుగొందలు పలికింది. అవే పళ్లు రాజమండ్రిలో మా వీధి చివర డజన్ల లెక్కన కొంటే ఎంతవుతుందో నాకు తెలుసు కనుక, ఆ గెల ముందు కాసేపు నిలబడి బాధపడ్డాను.

బండి మార్కెట్టు బయట ఆగి ఉంది. దైవసహాయం స్టీరింగుకి నుదురు ఆన్చి కళ్లు మూసుకున్నాడు. వాళ్లది లూథరన్ కుటుంబం, చర్చిలో పాటల బృందం, క్వయర్‌లో పాడతాడు. అదే సమయంలో ముందు చక్రం కింద నిమ్మకాయ పెడుతున్నది వెంకటరత్నం గారి పెద్దకోడలు. ఆవిడ నిమ్మకాయ పెట్టి లేచే వరకూ ఇతను ప్రార్థన సాగదీశాడు. ఇతను కళ్లు తెరిచే వరకూ ఆవిడ పక్కకి జరిగి నిలబడింది. అలవాటైన మర్యాద.

క్యాబిన్‌లోకి ఎవరూ చెప్పులతో ఎక్కరు. నేనూ విప్పాను. దైవసహాయం తన చెప్పులు సీటు కింద పెట్టుకున్నాడు. నేను మాత్రం ఇంటి గుమ్మంలో విప్పినట్టు రోడ్డు మీద విప్పి ఎక్కాను. ఆ సంగతి ఇరవై కిలోమీటర్లు వెళ్లాక గుర్తొచ్చింది.

బయల్దేరే ముందు సూరిబాబు గారు సుద్దముక్కతో తలుపు లోపలి వైపు గీతలు గీసి చూపించారు. ఆయనకు అరవై మూడు. షుగరు వల్ల చూపు తగ్గి హెవీ లైసెన్సు మళ్లీ ఇవ్వలేదు. ఆరేళ్లు తను నడిపిన బండి కనుక, కొన్నవాళ్లకు మూడు రోజులు నేర్పి వెళ్తానని ఒప్పుకున్నారు. ఆయన చెప్పినదాన్ని నాకర్థమైనంతలో చెబుతాను. గేర్లు నాలుగు కింద, నాలుగు పైన. రాడ్డు బుడిపెకి పక్కన చిన్న స్విచ్చి ఉంటుంది. అది కిందికి ఉంటే ఒకటి నుంచి నాలుగు. పైకి లేపితే అవే నాలుగు చోట్లు అయిదు నుంచి ఎనిమిది. అంటే ఒకటో గేరు ఉన్న చోటే అయిదూ ఉంటుంది. ఇవి కాక ఎడమ అంచున క్రాలర్ అని ఒకటి, నిండు లోడుతో ఎత్తు మీద ఆగిపోయిన బండిని పాకించడానికి.

వినడానికి ఇంతే. చిక్కంతా చేతిలో ఉంది. ఇరవై రెండేళ్లుగా ఆ చేతికి తెలిసిందేమిటంటే, పెద్ద గేరు కావాలంటే ముందుకు పోవాలి. ఇక్కడ నాలుగు అయ్యాక స్విచ్చి లేపి, మొదలుపెట్టిన చోటికి తిరిగి రావాలి. దైవసహాయం బండి కదిలించిన మొదటి అరగంటలో నాలుగు తర్వాత ప్రతిసారీ లేని చోట అయిదు కోసం తడిమాడు. రాడ్డు వెళ్లి గోడకి కొట్టుకున్నట్టు ఆగేది. గేరుపెట్టెలోంచి పళ్లు నూరిన చప్పుడు వచ్చేది. చప్పుడు వచ్చినప్పుడల్లా సూరిబాబు గారు తన దవడ పట్టుకునేవారు.

జొన్నాడ

గౌతమి మీద వంతెన దాటి జొన్నాడ వైపు దిగుతున్నాం. బండి ఖాళీ. ఉన్నట్టుండి ఇంజిను గొంతు తగ్గింది. చక్రాల రొద మాత్రమే వినిపిస్తోంది. హాయిగా ఉంది కూడా. ముందు బస్సు ఆగింది, దాని వెనక ఆటోలు ఆగాయి. దైవసహాయం బ్రేకు తొక్కి, నెమ్మదించాక, మూడో గేరు అనుకుని రాడ్డు తోశాడు. స్విచ్చి పైకే ఉంది. పడింది ఏడు. బండి ఒక్కసారి వణికి, దగ్గి, నడిరోడ్డు మీద ఆగిపోయింది.

వెనక నుంచి హారన్లు మొదలయ్యాయి. పక్కనుంచి వెళ్తున్న కాలేజీ బస్సు డ్రైవరు తల బయట పెట్టి, "ఏం బావా, నిన్నే కొన్నావా?" అన్నాడు. దైవసహాయం అటు చూడకుండా తాళం తిప్పాడు. మెడ మీద చెమట మాత్రం నాకు కనిపించింది.

బండి పక్కకి తీశాక సూరిబాబు గారు అడిగారు.

"దిగేటప్పుడు న్యూట్రల్ ఎందుకు కొట్టావయ్యా?"

"కొట్టలేదండి."

"కొట్టావు."

"ప్రమాణంగా కొట్టలేదు బాబాయ్ గారూ. నాకు తెలీదా?"

సూరిబాబు గారు వెనక్కి తిరిగి నన్ను చూశారు. "మాస్టారూ, మీరు చూశారు కదా. చెప్పండి." నేను ఎవరికీ ఎప్పుడూ పాఠం చెప్పినవాణ్ణి కాను. అయినా ఆ మూడు రోజులూ నన్ను మాస్టారనే పిలిచారు. నేను చూసింది చెప్పాను. వంతెన మీద ఎత్తు అయిపోయి బండి ముక్కు దిగువకి వాలిన క్షణంలోనే అతని చెయ్యి రాడ్డును మధ్యకి లాగింది. దైవసహాయం తన చేతిని తిప్పి చూసుకున్నాడు. అబద్ధం ఆడిన మొహం కాదది.

ఈ అలవాటు ఏమిటో డెల్టా బయటివాళ్లకు చెప్పాలి. ఇక్కడ నేల చాప పరిచినట్టు ఉంటుంది. ఎత్తు అంటే కాలవ వంతెన, లేదంటే ఏటిగట్టు. వంతెన ఎక్కగానే బండిని న్యూట్రల్‌లోకి వదిలేసి, దిగువకి దానంతటదే దొర్లనివ్వడం ఈ ప్రాంతపు డ్రైవర్లకు ఊపిరి పీల్చడం లాంటిది. వంతెనకి ఒక చెంచా డీజిలు మిగులుతుంది. కోనసీమలో వంతెనలు తక్కువేం కాదు. వెంకటరత్నం గారు కుర్రతనంలో తనే లారీ నడిపేవారు. ఈ కిటుకు దైవసహాయానికి నేర్పింది ఆయనే. నా డ్రైవరు తోలినంత పొదుపుగా ఈ రోడ్డు మీద ఎవడూ తోలడు అని పదిమందిలో చెప్పేదీ ఆయనే. ఏ పనితనాన్ని చూసి ఇన్నేళ్లు ఉంచుకున్నారో, అదే ఇప్పుడు అడ్డం వచ్చింది.

సూరిబాబు గారు నడిపింది ఎక్కువగా మారేడుమిల్లి ఘాట్‌లోనూ క్వారీల్లోనూ. ఆయనకి ఈ అలవాటు ఒక జబ్బులా కనిపించింది. "గెలల బండి కాబట్టి చెల్లిందయ్యా. పాతిక టన్నులతో న్యూట్రల్ కొడితే ఇంజిను పట్టు వదిలేస్తుంది. బరువంతా బ్రేకుల మీదే. బ్రేకు వేడెక్కాక నువ్వు గేరు వెతుక్కుంటావు. ఎన్నో గేరులో ఉన్నావో నీకే తెలీదు, బండికేం తెలుస్తుంది?"

తర్వాత ఒక పద్ధతి పెట్టారు. చెయ్యి కదిలే ముందు నోరు కదలాలి. ఏ గేరులోకి వెళ్తున్నాడో పైకి చెప్పి, ఆ తర్వాతే రాడ్డు ముట్టుకోవాలి. స్విచ్చి లేపినా చెప్పాలి, దించినా చెప్పాలి. దైవసహాయం మొదట సిగ్గుపడ్డాడు. వేమగిరి దాటేసరికి "మూడు... నాలుగు... పైకి... అయిదు" అంటూ కొద్దిగా రాగం కూడా కలిసింది. క్వయర్ గొంతు కదా. మోరంపూడి జంక్షన్‌లో సిగ్నలు దగ్గర పక్కన ఆగిన స్కూటరు ఆవిడ తలెత్తి, ఎవరితో మాట్లాడుతున్నాడా అని చూసింది.

కోరుకొండ

క్వారీకి పోయే మట్టిరోడ్డు మొదట్లో రమణమ్మ గారి ఇడ్లీ కొట్టు ఉంది. రేకుల పంచ, రెండు బల్లలు. నాలుగిడ్లీ ముప్పై రూపాయలు, అల్లం పచ్చడి అడిగినంత. ఎదురుగా కోరుకొండ నరసింహస్వామి గుడి మెట్లు నిలువునా కనిపిస్తాయి. మొదటి రోజు నా కాళ్లకు ఏమీ లేకపోవడం చూసి, మొక్కు తీర్చుకోవడానికి వచ్చానేమో అనుకుని ఆవిడ నాకు ముందు వడ్డించింది. అసలు సంగతి చెబితే నవ్వకుండా, పక్క కొట్టులో హవాయి చెప్పులు నూటఇరవైకి దొరుకుతాయని చెప్పింది.

రెండో రోజంతా అక్కడే. క్వారీ గొయ్యిలోంచి కంకరతో పైకి వచ్చే దారిలో ఒక మలుపు ఉంది, అక్కడ ఎత్తు ఎక్కువ. సూరిబాబు గారు కావాలనే అక్కడ బండి ఆపించి, మళ్లీ లేపమనేవారు. బండికి క్లీనరు లేడు. వెనక చక్రం కింద చెక్క అడ్డం పెట్టే పని నాకు పడింది. కొత్త హవాయి చెప్పులు వేసుకుని, చేత్తో పెద్ద చెక్కదిమ్మె పట్టుకుని, పాతిక టన్నుల బండి వెనక నడిచాను. ఇంట్లో ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

మొదటిసారి దైవసహాయం రెండో గేరులో లేపబోయాడు. చదును నేల మీద లారీలు రెండులోనే లేస్తాయి. బండి మూలిగి, ఆగి, ఒక గజం వెనక్కి వచ్చింది. నేను దిమ్మె పెట్టి దూరంగా గెంతాను. రెండోసారి క్రాలర్ అన్నాడు, చెయ్యి రివర్సు వైపు పోయింది. సూరిబాబు గారు రాడ్డు మీద అరచెయ్యి పెట్టి ఆపారు. మూడోసారి, నాలుగోసారి బండి కదిలింది గానీ కదిలాక ఒకటిలోకి మార్చబోయి మళ్లీ ఆపేశాడు.

పది గంటలకి టిఫినుకి దిగితే రమణమ్మ గారు అడిగింది.

"కొత్త డ్రైవరు మీరేనా అండి? ఆ మలుపు కాడ నాలుగు మార్లు ఆగారు."

"మీకెలా తెలుసండి? ఇక్కణ్నించి కనపడదు కదా."

"చూడటం దేనికండి. పన్నెండేళ్లుగా వింటున్నాను. బండి మూలిగితే ఫర్వాలేదు. కేక పెట్టకూడదు. కేక పెట్టిందంటే ఈ బల్లల మీదున్నోళ్లని లోపలికొచ్చేయమంటాను."

సూరిబాబు గారు, తను ఇరవై ఏళ్లలో నేర్చుకున్నది ఈవిడ ఇడ్లీలు వేస్తూ నేర్చుకుందని ఒప్పుకున్నారు. ఆవిడ ఇంకో మాట కూడా చెప్పింది. పాత డ్రైవర్లు క్రాలర్‌లో లేపాక మలుపు పూర్తయ్యేదాకా గేరు మార్చరట. "తొందరేముందండి, వెనకెవరూ తరమట్లేదు కదా," అంది.

దైవసహాయం ఆ తర్వాతి మూడు సార్లూ మలుపు అయ్యేదాకా క్రాలర్‌లోనే పాకించాడు. బండి మనిషి నడకకంటే నెమ్మదిగా, ఒకే గొంతుతో మూలుగుతూ ఎక్కింది. నాకు దిమ్మెతో పని పడలేదు. మధ్యాహ్నం మేం మళ్లీ కొట్టు దగ్గర ఆగితే, రమణమ్మ గారు అడక్కుండానే అతని ఆకులో రెండు గారెలు వేసింది. ఇవి లెక్కలోకి రావంది.

అందరూ భోంచేసి కూర్చున్నప్పుడు నేనూ డ్రైవరు సీట్లోకి ఎక్కి, ఇంజిను ఆపి ఉండగా రాడ్డు పట్టుకుని చూశాను. ఎదురుగా ఏమీ లేదు, వెనక ఎవరూ తరమట్లేదు, కాళ్ల కింద బరువు లేదు. అయినా నాలుగు నుంచి అయిదుకి స్విచ్చి లేపడం మూడుసార్లలో రెండుసార్లు మరిచిపోయాను. 'అజాగ్రత్త' అన్న మాట నాకప్పుడు గుర్తుకొచ్చింది.

కొవ్వూరు

లోడుతో సాయంత్రానికి రాజమండ్రి దగ్గర నాలుగో వంతెన మీదుగా గోదావరి దాటాం. ఆ వంతెన మీద దైవసహాయం నోరు ఒక్క క్షణం ఆగలేదు. ఏడు, ఏడు, ఏడు అని ఒకే అంకె అనుకుంటూ పోయాడు. అవతలి గట్టుకి దిగుతుంటే అతని చెయ్యి రాడ్డు మీద బిగుసుకుని, వేళ్లు తెల్లబడ్డాయి. మధ్యకి లాగకుండా ఆ చేతిని తనే పట్టుకున్నట్టు ఉంది. న్యూట్రల్ పడలేదు. కానీ అలా బిగపట్టి నడిపితే ఎంతకాలమని సూరిబాబు గారు నాతో మెల్లగా అన్నారు.

కొవ్వూరులో దిబ్బరొట్టె తిన్నాం. మినప్పిండిని మందపాటి మూకుట్లో పోసి, పైన మూత మీద కూడా నిప్పులు వేసి కాలుస్తారు. పైన పెంకులా కరకర, లోపల దూది. యాభై రూపాయలకి ఇద్దరు తినొచ్చు. చెరుకు పానకంలో ముంచుకుని తినాలి. రాజమండ్రిలోనూ దొరుకుతుంది గానీ మావాళ్లు కొబ్బరి పచ్చడి వేస్తారు. ఆ మాటంటే కొట్టాయన, అక్కడివాళ్లు రొట్టె తినరండి, పచ్చడి తింటారు అన్నాడు.

దైవసహాయం సగం రొట్టె వదిలేశాడు. చల్లగాలికి బయట బల్ల మీద కూర్చున్నాక తనే మాట్లాడాడు. తప్పు గేరు వేస్తానన్న భయం ఇప్పుడు లేదట. పాటలాగా లెక్కపెడుతుంటే చెయ్యి మాట వింటోందట. రేపు పక్కన వెంకటరత్నం గారు కూర్చుంటారు. అదీ దిగులు.

"ఆయన ముందు అంకెలు పైకి అనాలంటే సిగ్గుగా ఉంటుందండి. అనకపోతే తప్పు చేస్తాను. పైగా దిగుడొస్తే ఆయన ఊరుకోరు, న్యూట్రల్ కొట్టమంటారు. ఇరవై రెండేళ్లలో ఆయన చెప్పింది చెయ్యను అనలేదండి ఎప్పుడూ. ఎలా అనాలో కూడా తెలీదు."

ముందే ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అన్నాను. సూరిబాబు గారు తల అడ్డంగా ఊపారు. నడపడం రాక సాకులు చెబుతున్నాడనుకుంటారు అన్నారు. అది నిజమే.

ఏటిగట్టు

మూడో రోజు శనివారం. వెంకటరత్నం గారు ఇస్త్రీ చొక్కాతో బస్సు దిగి వచ్చారు. చెప్పులు విప్పి, చేత్తో పట్టుకుని క్యాబిన్ ఎక్కారు. సూరిబాబు గారిని వెనక నా పక్కన కూర్చోమని, నోరు మెదపకూడదని చెప్పారు. సూరిబాబు గారు నోట్లో కిళ్లీ వేసుకుని దాన్నే తాళంగా వాడుకున్నారు.

కొవ్వూరు నుంచి తాళ్లపూడి మీదుగా దారి గట్టు వెంబడే సాగుతుంది. కుడివైపు గోదావరి, ఎడమవైపు పల్లంలో పొలాలు. రోడ్డులో సగం మీద ధాన్యం ఆరబోసి ఉంది, అంచున రాళ్లు వరసగా పెట్టి. మిగిలిన సగంలోంచే బస్సులూ లారీలూ పోతాయి. మా వైపు అలా ఆరబోస్తే కేకలేస్తారు. ఇక్కడ ఎవరి సగం వారిది.

మొదటి రెండు కిలోమీటర్లు దైవసహాయం పెదవులు మాత్రమే కదిలించాడు. మూడో కిలోమీటరులో గేరు గరగరమంది. వెంకటరత్నం గారు అటు చూశారు. దైవసహాయం గొంతు సవరించుకుని పైకే మొదలుపెట్టాడు. "కిందికి... నాలుగు... మూడు."

"ఏంటది?" అన్నారు వెంకటరత్నం గారు.

"గేర్లండి. లెక్కపెట్టుకుంటున్నాను."

"ఒకటో క్లాసా?"

"ఆయ్," అన్నాడు దైవసహాయం. మళ్లీ "నాలుగు" అన్నాడు. గరగర మళ్లీ వినిపించలేదు.

కంకర దించాల్సిన చోటు పట్టిసీమ దగ్గర, గట్టు దిగువన. అక్కడికి దిగే వాలు గురించే మొదట్లో చెప్పాను. వాలు చివర రోడ్డు ఎడమకి తిరుగుతుంది. ఆ మలుపు దగ్గర ఇద్దరు ఆడవాళ్లు ధాన్యాన్ని చీపుళ్లతో కుప్ప చేస్తున్నారు. ఒకామె వీపు మా వైపే ఉంది. వెంకటరత్నం గారు నదిని చూస్తున్నారు కాబట్టి వాళ్లు ఆయన కంట పడలేదు. న్యూట్రల్ కొట్టెయ్ అని ఆయన పరీక్ష కోసం అన్నారనుకోను. ఇన్నేళ్ల అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చిన మాట.

ఆ మాటకే దైవసహాయం కొట్టనండి అన్నాడు.

"డీజిలు ఊరికే వస్తోందా?" అన్నారు వెంకటరత్నం గారు. గొంతు పెంచలేదు.

"లేదండి. ఈ బండికి ఆ అలవాటు పనికిరాదండి. లోడు మీద వదిలేస్తే మళ్లీ నా చేతికి రాదు." అంత పొడుగు మాట యజమానితో అన్నందుకు అతనికే ఆశ్చర్యం వేసినట్టుంది. వెంటనే, "కిందికి. రెండు," అన్నాడు. రాడ్డు చప్పుడు లేకుండా పడింది.

బండి రెండో గేరులో దిగింది. అతను బ్రేకు తొక్కింది రెండుసార్లే, అదీ తేలిగ్గా. ఇంజిను ఒకే స్థాయిలో మూలుగుతూ బరువంతా వెనక్కి పట్టి లాగుతోంది. మలుపులో ధాన్యం రాళ్లకి మూరెడు దూరంలోంచి తిప్పాడు. వీపు మా వైపున్న ఆమె తలెత్తి చూడలేదు, ఊడుస్తూనే ఉంది. వెంకటరత్నం గారు మాత్రం అప్పుడు ఆమెను చూశారు. వెనక్కి తిరిగి ఆ వాలునీ చూశారు.

కంకర దించాక ఆయన దిగి బండి చుట్టూ ఒకసారి నడిచారు. ప్రతి చక్రం దగ్గరా వంగి బ్రేకు డ్రమ్ము పక్కన అరచెయ్యి పెట్టి చూశారు. ఒకప్పుడు లారీ నడిపిన మనిషి, వేడి ఎంతుంటే ఎంత తొక్కాడో ఆయనకి తెలుస్తుంది. పన్నెండు చక్రాలూ అయ్యాక సూరిబాబు గారి దగ్గరికి వచ్చారు.

"నువ్వేమన్నా వెనకనించి గిల్లావా?"

సూరిబాబు గారు కిళ్లీ ఉమ్మి, "నా చేతులు నా ఒళ్లోనే ఉన్నాయండి. మాస్టార్ని అడగండి," అన్నారు. ఆ ప్రయాణంలో నేను సాక్ష్యం చెప్పడం అది రెండోసారి.

వెంకటరత్నం గారు టీ తాగుదాం రండన్నారు. గట్టు మీద పాకలో నలుగురం తాగాం. నది గురించి, ఎండల గురించి మాట్లాడారు. సూరిబాబు గారికి కొత్త పంచెల చాపు ఒకటి ఇచ్చారు. దైవసహాయం ఖాళీ గ్లాసు చేతిలోనే తిప్పుతూ నిలబడ్డాడు. లేచేటప్పుడు వెంకటరత్నం గారు అతనితో అన్నది ఇంతే: "రేపు నీకు చర్చి కదా. సోమవారం పొద్దున్నే వచ్చెయ్."

ఆయన అక్కణ్నించే బస్సెక్కారు. తిరిగొచ్చే దారిలో ఆ మాటకి అర్థమేమిటని సూరిబాబు గారూ నేనూ కొవ్వూరు దాకా మాట్లాడుకున్నాం. బండి నడపడానికి రమ్మన్నట్టా, తాళాలు అప్పగించడానికి రమ్మన్నట్టా. సూరిబాబు గారు మొదటిదే అన్నారు. దైవసహాయం గేర్లు లెక్కపెట్టుకున్నాడు. ఖాళీ బండి. అంకెలు పైకి అనాల్సిన పని లేదని సూరిబాబు గారు చెప్పినా మానలేదు.

నేను ఇల్లు చేరి ఇది రాసేసరికి మూడు వారాలైంది. దైవసహాయానికి ఫోన్ చేస్తూనే ఉన్నాను. సోమవారం అతనే నడిపాడు, అప్పటినుంచీ రోజూ అతనే నడుపుతున్నాడు. గేరుపెట్టె నిక్షేపంగా ఉంది. పాత లారీ ఇంకా అమ్మలేదు. రాజానగరం డ్రైవరుకి రమ్మనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. రోజూ సాయంత్రం బండి పెట్టాక వెంకటరత్నం గారు "రేపు రా" అంటున్నారట. సీటు నీదే అని ఆయన ఇంతవరకూ అనలేదు. దైవసహాయం కూడా అడగలేదు.